నమ్మక ధ్రువీకరణ పత్రం

రిటైరైన మగవాళ్ళు భార్యల్ని ఎన్ని రకాలుగా సాధించవచ్చో సుభాషిణి ఒక్కొక్కటీ గమనిస్తూ వచ్చింది. ఎదురింటాయన కూరలు తనే తరుగుతానని కూర్చుని బెండకాయల్ని స్కేలు పెట్టి కోస్తారు. వెనక వీధి ఆయన హోమియోపతి నేర్చుకుని, జలుబు లేనివాళ్ళకి కూడా జలుబు మందు వేసి పంపిస్తారు. ఆ ఇద్దరి భార్యలూ ఎంత అదృష్టవంతులో వాళ్ళకి తెలియదు. సుభాషిణి భర్త ఫాలాక్షరావు, ముప్ఫై ఆరేళ్ళు సబ్ ట్రెజరీలో పనిచేసి రిటైరైన నాలుగో నెలలో, ఫ్రీమేసన్ అయ్యాడు.

ఫ్రీమేసన్లంటే ఒకప్పుడు ఎక్కడో దొరల సీమలో రాతి కట్టడాలు కట్టిన మేస్త్రీల సంఘమట. ఇప్పుడు ఇటుక మీద ఇటుక పెట్టడం చేతకాని పెద్దమనుషుల సంఘం. వాళ్ళ గుర్తు మూలమట్టం, దాని మీద విప్పి పెట్టిన కంపాసు. ఫాలాక్షరావు ఈ ముప్ఫై మూడేళ్ళ కాపురంలో గోడకి ఒక్క మేకు తిన్నగా కొట్టినవాడు కాదు. అలాంటివాడు నెలకి రెండు శనివారాలు సాయంత్రం నల్లకోటు వేసుకుని, నడుముకి మేస్త్రీల ఏప్రన్ కట్టుకుని, రేవు రోడ్డులో ఊరి పిల్లలు దయ్యాల బంగళా అని పిలిచే తెల్ల మేడలోకి వెళ్ళి వస్తున్నాడు. ఆ మేడ పేరు లాడ్జి. "మీ వారు శనివారం శనివారం లాడ్జికి వెళ్తున్నారటగా" అని పాలవాడు జాలిగా అడిగినప్పుడు, సుభాషిణి "అవును బాబూ, ఈ వయసులో" అని మాత్రమే అంది.

అందులో చేరడానికీ ఒక పద్ధతి ఉంది. వాళ్ళు ఎవర్నీ పిలవరు, మనమే అడగాలి. అడిగాక ముగ్గురు వచ్చి ఇల్లూ వాకిలీ చూసి వెళ్తారు. ఆ తర్వాత సభ్యులంతా ఒక పెట్టెలో గోళీలు వేస్తారు. తెల్లగోళీ అయితే సరే, నల్లగోళీ పడితే వద్దు. తన పెళ్ళిచూపులప్పుడు అలాంటి పెట్టె ఒకటి ఎవరూ పెట్టలేదే అని సుభాషిణికి అనిపించింది కానీ, పైకి అనలేదు.

చేర్చుకున్న రోజు ఫాలాక్షరావు ఇంటికొచ్చేసరికి పంట్లాం ఎడమ కాలు మోకాలి దాకా మడిచిన ముడతలతో ఉంది.

"ఏం చేశారండీ అక్కడ?"

"రహస్యం."

"కాలంతా దోమలు కుట్టినట్టున్నాయి."

"అదీ రహస్యమే."

ఆ రహస్యాలన్నీ కంఠతా పట్టాలి. ఫాలాక్షరావు స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా, నీళ్ళ చప్పుడుని మించి గట్టిగా వల్లె వేసేవాడు. పనిమనిషి నూకరత్నం బయట గిన్నెలు తోముతూ వినేది. మూడో వారానికి ఆయన ఎక్కడైనా ఆగిపోతే, "తూర్పు దిక్కునండి అయ్యగారూ, సూర్యుడు ఉదయించే చోట" అని అందించడం మొదలుపెట్టింది.

వాళ్ళ నియమాల్లో రెండు మాత్రం సుభాషిణికి నచ్చాయి. చేరేవాడు పైన ఒకడున్నాడని నమ్మాలి. ఆ ఒకడు ఎవరన్నది ఎవరూ అడగకూడదు. ఆయన్ని వాళ్ళు విశ్వశిల్పి అంటారు. ఎవరి శిల్పి వాళ్ళకి. లాడ్జిలో పీట మీద నాలుగు మతాల గ్రంథాలూ పక్కపక్కనే తెరిచి ఉంటాయి. మతం గురించీ రాజకీయాల గురించీ లోపల మాట్లాడకూడదు. "మగవాళ్ళు ఇరవై ఇద్దరు ఒకచోట చేరి ఈ రెండూ మాట్లాడకుండా ఉన్నారంటే, అది నిజంగానే గొప్ప సంఘం" అని ఆమె మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది.

అంత బాగున్నదాన్ని బాగుచేసింది ఆమె భర్తే.

పైపుల వ్యాపారి రాజబాబు చేరతానని వచ్చాడు. వాళ్ళ భాషలో మాస్టరు, అంటే లాడ్జి అధ్యక్షుడైన గుర్నాథంగారు, రొయ్యల మేత హోల్‌సేల్ డీలరు, ఆచారం ప్రకారం అడగవలసిన ప్రశ్న అడిగారు. "నాయనా, సర్వోన్నతుడైన ఒకడు ఉన్నాడని నమ్ముతావా?"

రాజబాబు చేతులు కట్టుకుని, "మీరెలా అంటే అలాగే సార్. నాకే పట్టింపూ లేదు" అన్నాడు.

ఇది నమ్మకమా కాదా? అప్పటికే లాడ్జి సెక్రెటరీ అయిన ఫాలాక్షరావు లేచాడు. ట్రెజరీలో ముప్ఫై ఆరేళ్ళు, ఎదురుగా నిలబడి దగ్గుతున్న పెన్షనరుని బతికున్నట్టు కాగితం తెమ్మని పంపించిన అనుభవం ఆయనది. "నోటిమాట చెల్లదు" అన్నాడు. "ఈ ఒక్కడే కాదు. మనం మాత్రం నమ్ముతున్నామని ఫైల్లో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. వందేళ్ళ లాడ్జి ఒక్క కాగితం కూడా లేకుండా దేవుణ్ణి నమ్ముతోంది. ఆ సంగతి తెలిసి పెద్దలంతా నిజంగా సిగ్గుపడ్డారు.

మర్నాడే ముగ్గురితో నమ్మక ధ్రువీకరణ ఉపసంఘం ఏర్పడింది. మాస్టరు గుర్నాథంగారు, సెక్రెటరీ ఫాలాక్షరావు, న్యాయ సలహాకి అడ్వకేటు త్రయంబకంగారు. సర్క్యులర్ సుభాషిణి భోజనాల బల్ల మీదే తయారైంది.

"ఇందుమూలముగా సహోదరులందరికీ తెలియజేయడమేమనగా, నమ్మకము అనునది మనసులోని విషయమగుటచేతను, మనసు తనిఖీకి వీలుపడనందువలనను, సదరు నమ్మకమునకు తగు ఆధారములను మూడు ప్రతులలో జతపరచి, ప్రతి సంవత్సరము నవంబరు నెలలో, నమ్మకము కొనసాగుచున్నదని ధ్రువీకరించవలెను."

"నవంబర్లో నమ్మితే డిసెంబర్లో మానెయ్యచ్చా?" అని అడిగింది సుభాషిణి, చిక్కుడుకాయలు వలుస్తూ.

"మళ్ళీ నవంబరు దాకా చెల్లుబాటు ఉంటుంది" అన్నాడు ఫాలాక్షరావు తల ఎత్తకుండా.

ఫారంలో తొమ్మిది కాలమ్‌లు. మూడోది: 'నమ్మకము ప్రారంభమైన తేదీ.' ఐదోది: 'విశ్వశిల్పి పేరు (రాయరాదు).' ఏడోది: 'నమ్మకములో విరామము ఏదైనా ఉన్నదా? ఉన్నచో కారణములు, తేదీలు.' తొమ్మిదోది: 'కుటుంబ సభ్యుల సాక్ష్యము (భార్య అయిన శ్రేష్ఠము). సాక్షి తన కంటితో చూసినది మాత్రమే రాయవలెను.'

ఐదో కాలమ్ త్రయంబకంగారి పుణ్యం. ఆయన మొదటిరోజే అభ్యంతరం లేవదీశారు. "సహోదరుడు నమ్ముతున్నాడని మనకి తెలియాలి. ఎవర్ని నమ్ముతున్నాడో మాత్రం తెలియకూడదు. తెలిసిందా, లాడ్జిలోకి మతం వచ్చినట్టే. ఆధారాలు తెమ్మనండి, కానీ ఆధారం దేనికో తెలియకుండా తెమ్మనండి."

తెచ్చారు. గుళ్ళలో అర్చన టిక్కెట్లు, దర్గాల ముందు దిగిన ఫొటోలు, పంజాబు దాకా వెళ్ళి వచ్చిన రైలు టిక్కెట్లు, అన్నీ దేవుడున్న మేరకి నల్లసిరా పూసి తెచ్చారు. బస్టాండు జిరాక్సు కొట్టువాడు రెండు రోజులు నల్లటి కాగితాలకి నల్లటి కాపీలు తీసి, మూడో రోజు మిషను పాడైందని బోర్డు పెట్టాడు. అందరికంటే లావు ఫైలు రాజబాబుది. రెండువందల పన్నెండు పేజీలు. తిరగేస్తే వేళ్ళకి మసి అంటింది. "ఇతని నమ్మకం అమోఘం" అని గుర్నాథంగారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు. రాజబాబుకి అందరూ తెల్లగోళీలే వేశారు.

కాగితాల తర్వాత గృహ తనిఖీ. మాస్టరు ముందు నడవాలి కనుక మొదట గుర్నాథంగారి ఇంటికే వెళ్ళారు. కమిటీ వస్తోందని ఆయన పొద్దున్నే దేవుడి గదిలో పటాలన్నిటి మీదా డబుల్ కాట్ దుప్పటి కప్పించారు. ఎనభై ఆరేళ్ళ వాళ్ళ అమ్మగారు దీపం పెట్టుకోవడానికి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఒరే గురవా, గ్రహణం పట్టిందంట్రా?"

"కాదమ్మా. తనిఖీ."

"దేవుడికా?"

"కాదు, నాకు."

"మరి దుప్పటి ఆయనకి కప్పేవేంటి? నువ్వు కప్పుకో."

తనిఖీ నివేదిక ఫాలాక్షరావే రాశాడు. 'దుప్పటి క్రింద వివిధ పరిమాణముల ఎత్తుపల్లములు గలవు. నమ్మకము ప్రాథమికముగా ఉన్నట్లు తోచుచున్నది.' దాని మీద త్రయంబకంగారు ఒక చేర్పు వేశారు: వాసనని బట్టి, అంటే సాంబ్రాణో అగరుబత్తో అత్తరో అన్నదాన్ని బట్టి, మతం బయటపడే ప్రమాదం ఉంది గనుక, ఇకపై కమిటీ సభ్యులు ముక్కుకి రుమాలు కట్టుకుని తనిఖీ చెయ్యాలి. ఆ తర్వాతి ఆదివారం ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్న ముగ్గురు పెద్దమనుషులు ఒక ఇంట్లో జొరబడుతుంటే పక్కింటివాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు. ఎస్సై వచ్చి, ఎవరి దేవుణ్ణి వెతుకుతున్నారని అడిగాడు. నియమాల ప్రకారం చెప్పలేమన్నారు. ముగ్గుర్నీ స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు.

ఇక పీట మీది గ్రంథాలు. సభ్యులు ఏ పుస్తకం వైపు చూసి దణ్ణం పెడుతున్నారో కనిపిస్తోందని త్రయంబకంగారికి అనుమానం వచ్చింది. నాలుగింటికీ ఒకేరకం అట్టలు వెయ్యాలని తీర్మానించి, ఫాలాక్షరావు వాటిని ఇంటికి తెచ్చాడు. సుభాషిణి నాలుగింటినీ కళ్ళకద్దుకుని, బడిపిల్లల పుస్తకాలకి వేసినట్టు శుభ్రంగా ఖాకీ అట్టలు వేసింది. పేర్లు రాయకూడదన్నారు కనుక రాయలేదు. కాగితం మిగిలితే తన పచ్చళ్ళ నోటు పుస్తకానికి కూడా వేసింది. శనివారం ఫాలాక్షరావు హడావుడిలో అయిదూ పట్టుకుపోయాడు. మూడు వారాల తర్వాత ఉసిరికాయ పచ్చడికి ఉప్పు కొలత చూద్దామంటే పుస్తకం లేదు. ఆమెకి వెంటనే అర్థమైంది. కానీ తనని ఎవరూ అడగలేదు కదా.

అప్పటికే రాజబాబు దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసేశాడు. పీట మీద పుస్తకాలు అయిదున్నాయని ఎవరో లెక్కపెట్టాక, ఆ ప్రమాణం చెల్లుతుందా అన్న దాని మీద త్రయంబకంగారు రెండు గంటలు వాదించి, చెల్లుతుందని తేల్చారు. పుస్తకంలో ఏముందో తెరిచి చూసే అధికారం కమిటీకి లేదు గనుక.

ఇంతవరకూ సుభాషిణికి మంచి కాలక్షేపంగానే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుర్నాథంగారి భార్య మంగతాయారుకి ఫోన్ చేసి, ఆ రోజు సంగతి చెప్పి, ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకునేవారు. ఆ నవ్వు ఒక గురువారం ఆగిపోయింది.

ఆ రోజు ఏసుపాదం మాస్టారు వచ్చారు. మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. లాడ్జికి పందొమ్మిదేళ్ళుగా ద్వారరక్షకుడు. అంటే సభ జరుగుతున్నంతసేపూ తలుపు బయట కత్తి దూసి పట్టుకుని నిలబడాలి. సభ్యుడే, కానీ సభ చూడడు. కత్తి పట్టుకున్నా మాస్టారు డ్రాయింగ్ మాస్టారిలాగే ఉంటారు. బోర్డు మీద గీత గీయబోతున్నట్టే పట్టుకుంటారు. సభ అయ్యాక లోపల భోజనాలుంటాయి. అప్పుడు ఆయన కత్తి గొడుగుల స్టాండులో పెట్టి వచ్చి అందరి మధ్యా కూర్చుంటారు. ఫిబ్రవరిలో ఆయన భార్య కరుణమ్మగారు పోయాక, నెలకి ఆ రెండు శనివారాలే ఆయన పక్కన మరో మనిషి కూర్చుని అన్నం తినేది.

"అయ్యగారు లేరాండి?" అన్నారు మాస్టారు, చెప్పులు విప్పుతూ.

"తనిఖీకి వెళ్ళారు మాస్టారూ. కూర్చోండి. కాఫీ తెస్తాను."

"వద్దమ్మా. ఈ ఫారం ఒక్కసారి చూసి పెడతారా? రెండోసారి తిప్పి పంపారు. అసంపూర్ణం అన్నారు."

సుభాషిణి కళ్ళజోడు పెట్టుకుంది. అందమైన చేతిరాత. ఏడో కాలమ్‌లో, నమ్మకంలో విరామం ఉన్నదా అన్నచోట, ఆయన ఇలా రాశారు: 'నమ్మకం ఉంది. కానీ ఫిబ్రవరి 11 నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.'

తొమ్మిదో కాలమ్‌లో, భార్య సాక్ష్యం ఉండవలసిన చోట, ఏమీ లేదు.

ఆమె కాసేపు ఆ ఖాళీ వంకే చూసింది.

"కరుణకి డాక్టర్లు వారం అన్నారమ్మా" అన్నారు మాస్టారు, గోడ మీది కాలెండర్ని చూస్తూ. "ఆ వారమంతా నేను పైనున్న ఆయన్ని ఒక్కటే అడిగాను. నలభయ్యేళ్ళలో నా కోసం ఏమీ అడగలేదు, ఇదొక్కటే. ఇవ్వలేదు. సరే, ఆయనిష్టం. ఆదివారం చర్చికెళ్తున్నాను. వెనక బెంచీలో కూర్చుంటున్నాను. పాట పాడను. తల వంచను. ఆయనకీ తెలుసు నేను వచ్చానని. వచ్చేస్తున్నాను."

"మీరింత రాయక్కర్లేదు మాస్టారూ. 'విరామము లేదు' అని రాసేస్తే సరిపోయేది."

"అబద్ధం కదమ్మా" అన్నారు ఆయన, అది ఆమెకి తట్టలేదేమోనన్నట్టు. "దేవుణ్ణి నమ్ముతున్నానని చెప్పే కాగితం మీద అబద్ధం రాయమంటారా?"

సుభాషిణి కళ్ళజోడు తీసి, ఫారం మడత నలక్కుండా ఆయన చేతికిచ్చింది.

ఆ శనివారమే ఉపసంఘం నిర్ణయం వెలువడింది. కమిటీకి ఏసుపాదంగారి మతం ఏమిటో తెలియదు, తెలుసుకోరాదు. ఆయన నమ్మకంలో ఎనిమిది నెలల పైబడి విరామం ఉన్నట్టు ఆయనే రాతపూర్వకంగా అంగీకరించారు. సాక్షి హాజరు కాలేదు. కావున 'సదరు సహోదరుని సభ్యత్వము తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది. కత్తిని లాడ్జికి స్వాధీనపరచవలెను.' కింద సెక్రెటరీ సంతకం. ఫాలాక్షరావు సంతకం ట్రెజరీ రోజుల నుంచీ చాలా బాగుంటుంది.

"సాక్షి హాజరు కాలేదని రాశారా?" అని అడిగింది సుభాషిణి.

"అది ఫార్మాటు."

"కరుణమ్మ హాజరు కాలేదని."

"నేనేం చెయ్యను? ఆయనకొకలాగా మరొకరికొకలాగా రూల్సుంటాయా? వచ్చే నెలలో నేను మాస్టర్ని కాబోతున్నాను. ఇప్పుడు మెత్తబడితే రేపు నా మాట ఎవడు వింటాడు?"

సుభాషిణి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ నిమిషం నుంచి భర్తతో మాట్లాడటం మానేసింది.

మర్నాడు పొద్దున్న ఫాలాక్షరావు బల్ల దగ్గర కూర్చున్నాడు. మూరెడు దూరంలో సుభాషిణి ఇడ్లీ గిన్నె పట్టుకుని నిలబడి, "నూకరత్నం, అయ్యగారికి ఎన్ని కావాలో అడుగు" అంది.

"ఎన్నండి అయ్యగారూ?"

"నాలుగు."

"నాలుగంటండమ్మా."

"చట్నీయా, కారప్పొడా?"

"ఏదండి అయ్యగారూ?"

"ఏదో ఒకటి పెట్టమను!"

"కోపంగా ఉన్నారమ్మా" అని నూకరత్నం అడగని వివరం కూడా చేర్చింది.

ఇలా నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు ఫాలాక్షరావు తన సొంత ఫారం నూకరత్నం చేతికిచ్చి పంపించాడు. మాస్టరు కావలసినవాడి ఫారం మచ్చలేకుండా ఉండాలి. రాయకూడని ఐదోది పోను ఏడు కాలమ్‌లు నిండి ఉన్నాయి. ఆధారాలుగా జతచేసిన అర్చన టిక్కెట్లన్నీ సుభాషిణి తిరిగిన గుళ్ళవే. తొమ్మిదోది ఖాళీ.

"సంతకం చాలన్నారండి. రాతేం అక్కర్లేదంట" అంది నూకరత్నం.

"కంటితో చూసింది రాయాలని ఆయనే అచ్చు వేయించారని చెప్పు."

సుభాషిణి కలం తీసుకుని, తను కంటితో చూసింది మాత్రమే, ఒక్క అక్షరం ఎక్కువ లేకుండా రాసింది. ఆ తర్వాత ఫోన్ దగ్గర కూర్చుని మంగతాయారుతో మొదలుపెట్టి సాయంత్రం దాకా సభ్యుల ఇళ్ళలో ఆడవాళ్ళందరితోనూ మాట్లాడింది. ఎవరికీ అబద్ధం రాయమని చెప్పలేదు. తొమ్మిదో కాలమ్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనని మాత్రం అందరి చేతా ఒకసారి చదివించింది.

శనివారం కమిటీ నుంచి కబురొచ్చింది. సెక్రెటరీగారి భార్య రాసిన సాక్ష్యంపై విచారణ జరుపవలసి ఉంది, హాజరు కావలెను. అయితే లాడ్జి గదిలోకి ఆడవాళ్ళు రాకూడదు. అందుకని గుమ్మం బయట, ద్వారరక్షకుడు నిలబడేచోట, ఒక కుర్చీ వేశారు. తలుపు జానెడు తెరిచి పెట్టారు. పక్కన గొడుగుల స్టాండులో మాస్టారి కత్తి రెండు గొడుగుల మధ్య ఒరిగి ఉంది. ఆ సందులోంచి సుభాషిణికి నలుపూ తెలుపూ గళ్ళ నేలా, దాని మీద ఏప్రన్లు కట్టుకుని కూర్చున్న ఇరవై మంది మోకాళ్ళూ కనిపించాయి.

"అమ్మా" అన్నారు గుర్నాథంగారు లోపల్నించి. "మీ వారి ఫారంలో మీరు రాసినది చదువుతాను. 'వీరు దేవుడి గదిలోకి ఏడాదికి మూడుసార్లు వెళ్ళగా చూశాను. ఇన్వర్టర్ అక్కడే ఉంది.' ఇది మీ రాతేనా?"

"నా రాతేనండి."

"ఇన్వర్టర్ కాక వేరే పనేదైనా..."

"బ్యాటరీలో నీళ్ళు పొయ్యడమండి."

లోపల ఎవరో దగ్గారు. త్రయంబకంగారు గొంతు సవరించుకున్నారు. "సాక్షి గారూ, మీ వారు ఎన్నడైనా విశ్వశిల్పిని స్మరించగా విన్నారా? పేరు చెప్పవద్దు."

"ఒకసారి విన్నానండి. అటక మీది ఇత్తడి బిందె కాలి మీద పడ్డప్పుడు."

"అది ఆశ్చర్యార్థకం. ప్రార్థన కిందికి రాదు" అని త్రయంబకంగారు రాసుకున్నారు.

"ఇది వ్యక్తిగత కక్ష!" అన్నాడు ఫాలాక్షరావు. "మిగతా ఫారాలు తియ్యండి. ఎవరింట్లోనైనా ఇలా రాశారేమో చూడండి!"

తీశారు. ఆ వారం ఇళ్ళ నుంచి సీలు వేసి వచ్చిన సాక్ష్యాల కవర్లు ఒక్కొక్కటే చింపి, నియమం ప్రకారం మాస్టరే పైకి చదవాలి. మొదటిది తనదే వచ్చింది. గుర్నాథంగారు చదువుతుంటే ఆయన గొంతు చెరువులో దిగబడినట్టు తగ్గిపోయింది. "'రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చినప్పుడు మావారు చాలా గట్టిగా నమ్మగా చూశాను. తగ్గాక చూడలేదు.'"

తర్వాతిది త్రయంబకంగారి భార్య రాసింది. "'నమ్మగా చూడలేదు. వాదించగా చూశాను.'"

అలా ఒక్కొక్కటీ. ఒకాయన ఉపవాసం ఉన్న రోజున మిరపకాయ బజ్జీల బండి దగ్గర కనబడ్డారు. ఇంకొకాయన నమాజు వేళకి అలారం పెట్టుకుంటారు, అది మోగగానే ఆపి పడుకుంటారు. పెళ్ళికాని రాజబాబుకి వాళ్ళ అమ్మ రాసింది: 'మావాడు ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళు చెప్పింది నమ్ముతాడు.' చివరి కవరు చింపేసరికి లాడ్జి మొత్తం మీద రుజువైన నమ్మకం ఒక్కటీ మిగల్లేదు.

"అయితే ఇప్పుడు" అన్నారు గుర్నాథంగారు నీరసంగా, "నియమాల ప్రకారం మనందరి సభ్యత్వాలూ నిలుపుదల చెయ్యాలి. చెయ్యడానికి కమిటీ ఉండాలి. కమిటీకి సభ్యత్వం లేదు."

"మాస్టారి ఫారం చదవలేదు" అంది సుభాషిణి గుమ్మం బయట నుంచి.

"అది తిరస్కరించాం కదమ్మా. ఆయనకి విరామం ఉంది. మాటల్లేవని ఆయనే రాశారు."

"త్రయంబకంగారూ, నాకో ధర్మసందేహమండి. ఈయనతో నేను మాట్లాడటం మానేసి ఇవాళ్టికి వారం. ఇడ్లీలు ఎన్ని కావాలో కూడా నూకరత్నం చేత అడిగిస్తున్నాను. ఈయన లేరనుకుని మానేశానా?"

లోపల మోకాళ్ళు అటూ ఇటూ కదిలాయి.

"ఉన్నారని తెలుసు కనకే మానేశాను. నా మౌనం ఈయనకి తగలాలని. తగులుతుందని నమ్మకం. లేనివాళ్ళతో ఎవరు అలుగుతారండీ? మాస్టారు ప్రతి ఆదివారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆయనింటికి వెళ్ళి, ఆయన ఎదురుగా కూర్చుని మరీ మాట్లాడకుండా వస్తున్నారు. మీరెవరైనా అంత పని చేశారా?"

త్రయంబకంగారు నియమావళి పుస్తకం తిరగేశారు. ముందుకీ వెనక్కీ తిరగేశారు. "అలకని..." అని మొదలుపెట్టి ఆగారు. "అలకని రుజువుగా స్వీకరించరాదని ఎక్కడా లేదు" అన్నారు చివరికి.

"నాలుగు కాగితాలకి సిరా పూసి ఇచ్చారు మీరంతా. ఆయన ఒక్కరే నిజం రాశారు. ఆయన్నే బయటికి పంపించారు." సుభాషిణి లేచింది. "ఈ కుర్చీ ఎక్కడ పెట్టమంటారు?"

ఆమె దాన్ని అక్కడే వదిలి మెట్లు దిగింది. గేటు దాటేసరికి వెనక నల్లకోటు పరుగులాంటి నడకతో వచ్చి కలిసింది. ఫాలాక్షరావు ఏప్రన్ విప్పడం మరిచిపోయాడు. చేతిలో ఒక కాగితం, చంకలో కత్తి. రేవు రోడ్డు మీద పోతున్న సైకిళ్ళన్నీ ఒక క్షణం ఆగి చూసి, మళ్ళీ కదిలాయి.

"ఆర్డరు రద్దు చేశాం" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. "పోస్టులో పంపిస్తే సరిపోతుంది కానీ..." ఆమె మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళే మలుపు దగ్గర ఆగకుండా మాస్టారి వీధి వైపు తిరిగింది. ఆయనా తిరిగాడు.

ఏసుపాదం మాస్టారు వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని, చిన్న గిన్నెలో అటుకులు నానబెట్టుకుని తింటున్నారు. వీళ్ళని చూసి గిన్నె పక్కన పెట్టి లేచారు. మగమనిషి ఏప్రన్‌తో, కత్తితో గుమ్మంలో నిలబడితే ఎవరైనా లేస్తారు.

ఫాలాక్షరావు కాగితం విప్పాడు. "సహోదరుడు ఏసుపాదంగారికి తెలియజేయడమేమనగా, పూర్వోత్తరువులను పునఃపరిశీలించిన మీదట, తమరు సమర్పించిన వివరణ సంతృప్తికరముగా ఉన్నట్లు కమిటీవారు అభిప్రాయపడినందున, సదరు నిలుపుదలను..."

"నాకు అర్థం కాలేదండి" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "నేను మళ్ళీ ఏమైనా రాసివ్వాలాండి? కరుణ సంతకం మాత్రం తేలేను."

ఫాలాక్షరావు తరవాతి వాక్యం కోసం కాగితంలోకి చూశాడు. అక్కడ సీలు ఉంది, తేదీ ఉంది, తన సంతకం ఉంది. ఇంకేమీ లేదు. పక్కకి చూశాడు. సుభాషిణి గేటు దగ్గరే ఆగిపోయి వీధిలోకి చూస్తోంది. ఈసారి ఆయన తరఫున అందించడానికి నూకరత్నం కూడా లేదు.

ఆయన కాగితం మడిచాడు. ఇంకో మడత పెట్టాడు. జేబు కోసం వెతికితే ఏప్రన్ అడ్డొచ్చింది.

"లేదు మాస్టారూ. మీరేం రాయక్కర్లేదు" అన్నాడు. మళ్ళీ, ఈసారి వీధిలోకి కూడా వినపడేలా అన్నాడు. "మీ ఇంట్లో మనిషి పోతే, సంతాపం చెప్పడానికి రావలసినవాణ్ణి, ఆవిడ పేరున ఒక కాలమ్ పెట్టి నింపమన్నాను. తప్పు మీ ఫారంలో లేదు మాస్టారూ. నాదే తప్పు."